విశాఖపట్నంలో ఉంటూనే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతకవచ్చా?

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నానని, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే వృత్తిగా పెట్టుకోవాలని ఉందని, అందుకోసం విశాఖ వదిలి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లక తప్పదా అని, మొదటి పనికి ఎంత అడగాలో తెలియడం లేదని మీరు రాశారు. నేను 2016లో మద్దిలపాలెంలోని మా ఇంటి ముందుగదిలో ఈ పని మొదలుపెట్టాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. కాబట్టి నాకు తెలిసినంతవరకు, చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ఊరు వదలనక్కరలేదు. నాకు పని ఇచ్చిన సంపాదకుల్లో చాలామందిని నేను ఇంతవరకు ముఖాముఖి చూడలేదు. కథ మెయిల్‌లో వస్తుంది, బొమ్మలు మెయిల్‌లోనే వెళతాయి. పిల్లల పుస్తకాలు అచ్చువేసే సంస్థల్లో తూలిక, తార చెన్నైలో ఉన్నాయి, ప్రథమ్ బుక్స్ బెంగళూరులో ఉంది, నేషనల్ బుక్ ట్రస్ట్ ఢిల్లీలో ఉంది. ఎక్కడికి మారినా మిగిలినవి దూరంగానే ఉంటాయి. శ్రీకాకుళంలో పుట్టి, మన పక్కనున్న కశింకోటలో స్థిరపడిన వడ్డాది పాపయ్య గారు మద్రాసులో అచ్చయ్యే చందమామకు ఏళ్ల తరబడి ముఖచిత్రాలు వేశారన్న సంగతి నాకు మొదట్లో ఎంతో ధైర్యాన్నిచ్చింది. అయితే ఊరు మారకపోవడం వల్ల మిగిలే ఇంటి అద్దెను ఆదాయంగా లెక్కపెట్టుకోవద్దు. మొదటి ఏడాది మొత్తం మీద బొమ్మల వల్ల నాకు వచ్చింది 74,000 రూపాయలు. మిగతా ఖర్చులకు సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగు చెప్పాను, పెళ్లి శుభలేఖలు వేశాను. కనీసం రెండేళ్లు ఇలా గడుస్తుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

సంపాదకులకు ఏం పంపాలన్నది రెండో సంగతి. నేను మొదట పంపినవన్నీ దేనికది అందంగా ఉన్న విడి బొమ్మలు: ఒక దేవత, ఒక సూర్యాస్తమయం, సినిమా నటుల ముఖాలు. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. చాలాకాలం తర్వాత ఒక సంపాదకురాలు దయతో కారణం చెప్పారు. పుస్తకంలో ఒకే పాప పదహారు చోట్ల కనిపిస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది, వెనక్కి తిరిగి నడుస్తుంది. అన్ని చోట్లా ఆమె ఆ పాపేనని చదివే పిల్లలకు అనిపించాలి, మీ బొమ్మల్లో అది చేయగలరన్న ఆధారం నాకు దొరకలేదు అన్నారు. ఆ తర్వాత నేను వేసిన మొదటి పుస్తకంలోనే ఆరో పేజీలో కుడి భుజం మీద ఉన్న జడ తొమ్మిదో పేజీకి ఎడమ వైపుకు వెళ్లింది. దాన్ని పట్టుకున్నది అచ్చుకు ముందు చదివి చూసిన ఏడేళ్ల పిల్ల. అందుకని మీరు ఒక చిన్న కథ తీసుకుని, ఒకే పాత్రతో వరుసగా ఎనిమిది బొమ్మలు వేసి పంపండి. ఇరవై విడి బొమ్మల కంటే అవి మేలు.

ఆ కథ మీరు రోజూ చూసే చోట జరిగితే ఇంకా మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. కరెంటు లేని ఆ రోజుల్లో వీధి వీధీ తిరిగి, వేళ్లతో సహా లేచిపోయిన చెట్లను, వాటి కింద నలిగిన స్కూటర్లను, నీళ్ల ట్యాంకరు ముందు బిందెల వరుసను ఒక రూళ్ల నోటుపుస్తకంలో బాల్ పెన్నుతో వేసుకున్నాను. మూడేళ్ల తర్వాత నాకు పుస్తకం ఇప్పించినవి రంగులద్దిన పెద్ద బొమ్మలు కావు, ఆ నోటుపుస్తకంలోని పేజీలే. ఇప్పటికీ నెలకు రెండుసార్లయినా తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లి కూర్చుంటాను. ఒకసారి తల మీద చేపల తట్ట పెట్టుకుని నడుస్తున్న ఒకామె బొమ్మ వేస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ వంగి చూసి, “తట్ట అలగ ఎనక్కి వాల్చితే నీల్లన్నీ ఈపు మీద కారిపోవేటమ్మా?” అంది. అప్పుడు తలెత్తి చూశాను. ప్రతి ఒక్కరి తట్టా కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది, ఒక చేయి అంచును పట్టుకుని ఉంది, తలకూ తట్టకూ మధ్య గుడ్డ చుట్ట ఉంది, నీళ్లు భుజానికి అవతలగా నేల మీద పడుతున్నాయి. ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి వేసిన బొమ్మలో ఆ ఒరుగు ఎప్పుడూ రాదు.

ఇక డబ్బు విషయం. ఇందులోనే ఎక్కువ నష్టపోయాను కాబట్టి వివరంగా రాస్తాను. 2017లో ఒక సంస్థవారు చిన్న పుస్తకం కోసమని పన్నెండు బొమ్మలు అడిగారు. ఒక్కోటి 800 చొప్పున 9,600 రూపాయలకు ఫోనులోనే ఒప్పుకున్నాను, కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మరుసటి జనవరిలో పూర్ణా మార్కెట్లో ఒక కొట్టు గోడకు వేలాడుతున్న క్యాలెండరులో, నెలకొకటి చొప్పున ఆ పన్నెండు బొమ్మలూ కనిపించాయి. ఎక్కడా నా పేరు లేదు. ఫోను చేస్తే, “డబ్బులిచ్చి వేయించుకున్నాం కదమ్మా, ఎక్కడ వేసుకుంటే మీకేమిటి?” అన్నారు. వాళ్ల మాట అన్యాయమని ఎంతో బాధపడ్డాను గాని, తర్వాత చట్టం చదివితే తప్పు నా వైపు కూడా ఉందని అర్థమైంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా బొమ్మ వేసినవారే దాని మొదటి హక్కుదారు. కాని ఒకరు అడిగి, ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్న పెయింటింగ్ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. హక్కు మన దగ్గర ఉండాలంటే ఆ మాట కాగితం మీద ఉండి తీరాలి. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు అని భావిస్తారు. 57వ సెక్షన్ ఇంకా ముఖ్యం. హక్కులన్నీ ఇచ్చేసినా, ఆ బొమ్మ మీరు వేసినదేనని చెప్పుకునే హక్కు మీకు మిగిలే ఉంటుంది.

అందుకే ఎంత అడగాలన్న ప్రశ్నకు ముందు, ఆ బొమ్మను ఎక్కడ వాడతారని మీరు అడగాలి. ఒక భాషలో వెయ్యి కాపీలు వేసే పుస్తకానికీ, ఎనిమిది భాషల్లో వేసే పుస్తకానికీ, ఆ బొమ్మనే సంచుల మీద, క్యాలెండర్ల మీద వేసి అమ్ముకోవడానికీ ఒకే ధర చెప్పడం న్యాయం కాదు. నేను ఇప్పుడు ఏ వాడకానికి, ఎన్నేళ్లకు, ఏ భాషలకు ఇస్తున్నానో రాసి, రెండు విడతల కరెక్షన్లు మాత్రమే ఉచితమని, మొత్తంలో మూడో వంతు అడ్వాన్సుగా ముడతాక పెన్సిల్ స్కెచ్చులు మొదలుపెడతానని ఒకే పేజీలో రాసి పంపుతాను. అవతలివారు మెయిల్‌లో ఒప్పుకున్నాక సంతకాలు చేసుకుంటాం. ఇలా అడిగితే పని పోతుందేమోనని మీకు భయం వేస్తుంది. నాకూ వేసింది. ఇంతవరకు ఆ పేజీ చూసి వెనక్కి వెళ్లినవారు ఇద్దరే, వాళ్లు వెళ్లడమే మంచిదైంది.

డబ్బులు ఆలస్యం కావడం ఈ పనిలో మామూలే. అందుకు ఒక ఉపాయం, చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవడం. దాన్ని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటారు. అది ఉచితం, ఇంట్లో కూర్చుని ఆధార్, పాన్‌లతో చేసుకోవచ్చు. అలా నమోదైన చిన్న వ్యాపారికి, పని ముట్టిన తర్వాత 45 రోజుల లోపు చెల్లించాలని 2006 నాటి ఎం‌ఎస్‌ఎం‌ఈ చట్టం చెబుతుంది. నా ఇన్‌వాయిస్ కింద ఆ రిజిస్ట్రేషన్ నంబరు వేయడం మొదలుపెట్టాక గుర్తుచేసే ఫోన్లు సగానికి తగ్గాయి. మీకిచ్చే డబ్బులోంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుంటే కంగారు పడకుండా రిటర్ను దాఖలు చేయండి, ఆదాయం తక్కువ ఉన్న ఏళ్లలో అది తిరిగి వస్తుంది.

చివరిగా అచ్చు. కంప్యూటరు తెర మీద నేను వేసిన రుషికొండ సముద్రం మెరిసిపోయే నీలం. జగదాంబ దగ్గరి ప్రెస్సులో మొదటి ప్రూఫ్ చేతికి వచ్చేసరికి అది బూడిద కలిపినట్టు కనిపించింది. మిషన్ మీద పనిచేసే పెద్దాయన నన్ను కోప్పడకుండా, కాగితం మీద భూతద్దం పెట్టి చూడమన్నారు. సముద్రమంతా సయాన్, మజెంటా, పసుపు, నలుపు చుక్కలే. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితానికి ఈ నాలుగు సిరాలే దిక్కు, కొన్ని నీలాలు వాటితో రావు అని చెప్పారు. ఆ రోజు నుంచి రంగులను మొదటి నుంచీ సీఎంవైకేలో, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలో, చూసుకుంటూనే వేస్తున్నాను. కొలతలు కూడా ముందే అడగండి. ఏ4 పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు కావాలి, నాలుగు అంచులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అచ్చయ్యాక కత్తిరించేసే అంచు) అదనం. ఖరీదైన పరికరాలు ఇప్పుడే అక్కరలేదు. నేను నాలుగేళ్లు తెర లేని పెన్ టాబ్లెట్‌తో, ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌తో పనిచేశాను. నీటిరంగులు వాడేటట్టయితే మాత్రం కాగితాన్ని సముద్రపు తేమ తగలకుండా మూత ఉన్న డబ్బాలో దాచండి. వానాకాలంలో తేమ పీల్చిన కాగితం మీద రంగు మచ్చలు మచ్చలుగా పాకుతుంది.

ఆ ఎనిమిది బొమ్మలు పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, పాత్ర ఎక్కడ మారిపోయిందో చూసి చెబుతాను. మొదటి ఒప్పందం వచ్చినప్పుడు కూడా సంతకం చేసే ముందు పేర్లు తీసేసి చూపించండి.