హాలు తెరిచే ముందు గంటలు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నాటకాలకీ సంగీతానికీ చిన్న హాలు నడుపుతానంటూ నువ్వు పంపిన లెక్కలు చూశాను. చుట్టుపక్కల హాళ్లెన్ని, వాటి టికెట్ ఎంత, సీట్లెన్ని, అన్నీ రాశావు. వచ్చేవాళ్లకి వారంలో ఎన్ని గంటలు తీరిక ఉంటుందో మాత్రం ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకో. సోఫా, ఫోను, ఆదివారం మధ్యాహ్నం నిద్ర, వీటితోనే నీకు అసలు పోటీ. అమెరికాలో 2003 నుంచి ఏటా జరుగుతున్న సమయ వినియోగ సర్వేలో తీరిక వేళలో సుమారు సగం టీవీకే పోతోందని తేలుతూ వస్తోంది.

వారానికి 168 గంటలు. నిద్రకి 56, పనికి 48, రాకపోకలకి 10, ఇంటిపనికీ స్నానానికీ తిండికీ 28 తీసేస్తే 26 మిగులుతాయి. ఈ అంకె చూసి మురిసిపోకు. అందులో చాలాభాగం అరగంట, ముప్పావుగంట ముక్కలే. ఫోనుకి ఆ ముక్కలు చాలు, నీ హాలుకి చాలవు. ఆట రెండున్నర గంటలు, రానూపోనూ గంటన్నర, బండి పెట్టడానికీ లోపలికి వెళ్లడానికీ అరగంట కలిపితే నాలుగున్నర గంటలు ఏకబిగిన కావాలి. అలాంటివి వారంలో ఎన్ని దొరుకుతాయన్నదే నీ మార్కెట్.

తెలుసుకోవడానికి ఓ 40 మందిని ఎంచుకో. ఉద్యోగులు, విద్యార్థులు, పసిపిల్లల తల్లిదండ్రులు, రిటైరైనవాళ్లు, ఒక్కో వర్గం నుంచి పదిమంది. ఏడు రోజులపాటు పావుగంట గడులున్న కాగితం నింపమను. రోజుని తెల్లవారుజామున 4 గంటలకి మొదలుపెట్టు. సమయ సర్వేలు చేసేవాళ్లూ అలాగే చేస్తారు, ఎందుకంటే ఆ వేళకి దాదాపు అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి ఏ పనీ రెండు రోజుల మధ్య తెగదు. ఏం చేశారు, ఎవరితో చేశారు, ఆ పని వేరే వేళకి మార్చుకోగలరా అని మూడు గడులు పెట్టు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. వారం చివర గుర్తు తెచ్చుకుని రాస్తే పని గంటలు పెరుగుతాయి, ఫోను గంటలు మాయమవుతాయి.

'హాలు పెడితే వస్తారా' అని మాత్రం అడగకు. మొహమాటానికి అందరూ వస్తామనే అంటారు. గత నాలుగు వారాల్లో వినోదానికి ఎన్నిసార్లు బయటికెళ్లారు, ఎవరితో వెళ్లారు, గడప దాటినప్పటినుంచి తిరిగి వచ్చేదాకా ఎంతసేపు పట్టింది, ఇవి అడుగు.

ఇక ధర సంగతి. మనిషి చెల్లించే ధరలో డబ్బుతోపాటు సమయం కూడా ఉంటుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లో లెక్కకట్టి చూపించాడు. టికెట్ 100, రాకపోకల ఖర్చు 30 అనుకో. గంట విలువ 40 అనుకునే ఉద్యోగికి నాలుగున్నర గంటలకి 180, మొత్తం 310. గంటకి 10 అనుకునే విద్యార్థికి 45, మొత్తం 175. టికెట్ 20 తగ్గించావనుకో. విద్యార్థి మొత్తం ఖర్చు 11 శాతానికి పైగా తగ్గుతుంది, ఉద్యోగిది ఆరున్నర శాతమే. అదే గంట విలువ 120 ఉన్నవాడికైతే మొత్తం 670లో ఆ 20 మూడు శాతం. అతనికి ఓ అరగంట మిగిలిస్తే 60 మిగిలినట్టు, అంటే 9 శాతం. అందుకే రాయితీ విద్యార్థులకివ్వు, తీరిక లేనివాళ్లకి సమయం ఆదా చెయ్యి. సీటు నంబరు ముందే ఇవ్వు, ఆట చెప్పిన వేళకి మొదలుపెట్టు, ఎప్పుడు ముగుస్తుందో టికెట్ మీద అచ్చు వేయించు. పసిపిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చేవాళ్లకి ఆ ముగింపు వేళే ముఖ్యం.

గంట విలువ ఎంత వేసుకోవాలంటావా? రవాణా ప్రాజెక్టుల లెక్కల్లో సొంత పని మీద తిరిగే సమయానికి గంట సంపాదనలో సుమారు సగం వేయడం పరిపాటి. మొదట దాంతోనే చూడు.

డబ్బున్న పేట కదా, జనం విరగబడి వస్తారని లెక్కేయకు. సంపాదన పెరిగితే వినోదానికి ఖర్చు పెట్టగలరు, నిజమే. కానీ గంట పని మానితే పోయేదీ పెరుగుతుంది. మొదటిది ఆదాయ ప్రభావం, రెండోది ప్రత్యామ్నాయ ప్రభావం. ఏది గెలుస్తుందో ముందే చెప్పడం కష్టం. వందేళ్లకి వారానికి 15 గంటల పని చాలని 1930లో ఆర్థికవేత్త కీన్స్ అంతటివాడే ఊహించాడు, జనం మాత్రం ఇప్పటికీ అంతకన్నా చాలా ఎక్కువే పని చేస్తున్నారు!

ఇంకో చిక్కు, తీరిక నలుగురికీ కలిసి రావాలి. ఒక్కొక్కరికీ శనివారం సాయంత్రం ఖాళీ దొరికే అవకాశం సగానికి సగం అయితే, ఎవరి దారిన వాళ్లున్న నలుగురికీ ఒకేసారి దొరికేది 16లో 1. ఇంట్లోవాళ్లు ముందే మాట్లాడుకుంటారు కనుక నిజంగా అంత తక్కువ ఉండదు, అయినా ఒకరికి పని పడితే నాలుగు టికెట్లూ పోతాయి. 24 గంటల ముందు చెబితే తేదీ ఉచితంగా మార్చుకోనివ్వు. చిన్న డిస్కౌంటు కంటే ఇదే కుటుంబాల భయం తీరుస్తుంది.

ధర మార్చి చూడాలనుకుంటే ఒక్క ధరే మార్చు. వారంలో అదే రోజు, అదే వేళ, అదే రకం కార్యక్రమం, కనీసం నాలుగు వారాలు. ఉదాహరణకి, 100 నుంచి 90కి దించితే 200 మంది 214 అయ్యారనుకో. పాత, కొత్త అంకెల సగటు మీద లెక్కేస్తే జనం 6.8 శాతం పెరిగారు, ధర 10.5 శాతం తగ్గింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.64, దీన్నే డిమాండ్ వ్యాకోచత్వం అంటారు, అంటే ధర మారితే జనం ఎంత మారతారన్న కొలత. ఒకటికన్నా తక్కువ కాబట్టి రాబడి పడిపోతుంది: 20,000 కాస్తా 19,260. పోయిన 740 రాబట్టాలంటే కొత్తగా వచ్చిన 14 మంది మీద తలకి 53 దాకా క్యాంటీన్ లాభం మిగలాలి. మిగలదనిపిస్తే పాత ధరే ఉంచు. ఈ పరీక్ష హౌస్‌ఫుల్ రోజున చేయకు. 240 సీట్లూ నిండినప్పుడు 240 అనే అంకె సీట్ల సంఖ్య చెబుతుంది, ఎంతమందికి కావాలో చెప్పదు.

నాటకానికీ సంగీతానికీ ఓ ప్రత్యేకమైన బరువుంది. బామోల్, బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లో దాన్ని వివరించారు. నలుగురు వాయించే కచేరీకి ఎప్పుడైనా నలుగురే కావాలి, అంతసేపే పడుతుంది. బయట జీతాలు పెరిగేకొద్దీ వీళ్లకీ పెంచాలి, ఆ పెంపుని పూడ్చే యంత్రం ఏదీ లేదు. అయిదేళ్ల లెక్కలో టికెట్‌ని ఒకే ధర దగ్గర ఉంచావు, అది దిద్దుకో.

కౌంటర్ దగ్గర ఓ నోటుపుస్తకం పెట్టు. టికెట్ దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లెందరు, ఏ రోజు, ఏ ఆటకి అని రాయించు. వాళ్లని అడగాల్సింది ఒక్కటే: మరో వేళ అయితే వస్తారా, ఏ వేళ? మూడు నెలల కాగితాలు చేరాక పంపు, రెండో ఆట ఎప్పుడు పెట్టాలో అప్పుడు చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న