డయాటమేషియస్ ఎర్త్ పౌడర్ రోజూ తాగొచ్చా? మా పిన్ని తాగింది, ఆ సంగతి చెబుతాను

మీ అమ్మగారు ఏదో వీడియో చూసి రోజూ పొద్దున్నే పరగడుపున ఈ పొడి ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. కొలెస్ట్రాల్ తగ్గుతుందని, ఒంట్లో విషాలు పోతాయని, జుట్టు ఊడడం ఆగుతుందని ఆవిడ నమ్మకం. పైగా మీ పాపకు కూడా నులిపురుగులకి ఇదే పట్టమంటున్నారు. సేఫేనా, కిడ్నీలకి ఏమైనా ఇబ్బందా అని కదా మీరు అడిగింది. నేను ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. మేడ మీద కుండీలకి చీమలు, పేనుబంక పట్టకుండా ఈ పొడే చల్లుతుంటాను. బెజవాడ పటమటలో ఉండే మా పిన్ని ఇదే పొడిని కొన్ని నెలలపాటు తాగింది. కాబట్టి మొక్కల సంగతీ, మనిషి సంగతీ రెండూ కాస్త దగ్గర నుంచి చూశాను. డాక్టర్‌ని మాత్రం కాదు.

ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఇప్పటిదాకా తాగినదానికి అమ్మగారికి ఏదో అయిపోతుందని హడావుడి పడక్కర్లేదు. ఫుడ్ గ్రేడ్ రకం అయితే, మింగిన పొడి దాదాపు మొత్తం అరగకుండా, ఒంటికి పట్టకుండా అలాగే బయటికి పోతుంది. ఈ పొడిలో ఉండేది ప్రధానంగా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కొన్ని గ్రాములు తిన్నవాళ్ల మూత్రం పరీక్షిస్తే అందులో సిలికా పెరగలేదని కూడా తేలింది. దాని మంచీ అంతే, చెడూ అంతే. ఒంటికి పట్టనిది జుట్టుకి ఎలా పడుతుంది?

అసలు ఇదేమిటో ఒక్కసారి చూద్దాం. డయాటమ్‌లని నీళ్లలో బతికే కంటికి కనబడని నాచు రకాలు ఉన్నాయి. వాటి ఒంటి చుట్టూ సిలికాతో చేసిన గుల్ల ఉంటుంది. అవి చచ్చి చెరువుల, సముద్రాల అడుగున లక్షల ఏళ్లపాటు పేరుకుంటే వచ్చిన మట్టి ఇది. దాన్ని గనుల్లో తవ్వి, ఆరబెట్టి, పొడి చేస్తారు. చేత్తో పట్టుకుంటే ముగ్గుపిండిలా ఉంటుంది గానీ అంతకన్నా చాలా తేలిక, ఊదితే లేచిపోతుంది. గుల్లల నిండా సన్నని రంధ్రాలు ఉండడంతో దేన్నైనా ఇట్టే పీల్చుకుంటుంది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో పేటెంట్ తీసుకున్న డైనమైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ని పీల్చి పట్టి ఉంచింది ఈ మట్టే. ఇప్పుడు ఎక్కువగా బీరు, పంచదార పాకం, స్విమ్మింగ్ పూల్ నీళ్లు వడకట్టడానికి వాడుతున్నారు.

చీమ మీద పని చేసేది కూడా ఈ పీల్చే గుణమే. పురుగు ఒంటి మీద నీరు బయటికి పోకుండా కాపాడే మైనం పొర ఒకటి ఉంటుంది. పొడి ఆ పొరని పీల్చేసి, గీసేస్తుంది. పురుగు ఎండిపోయి చస్తుంది. విషం లేదు, మందు లేదు. అయితే పొడి తడవకుండా ఉన్నంతసేపే ఈ పని. పొద్దున కుండీల్లో చల్లి, సాయంత్రం మర్చిపోయి నీళ్లు పోస్తే మర్నాటికి చీమలు మళ్లీ అదే దారిన బారు కడతాయి. మిద్దె తోట పెంచేవాళ్లు ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు.

ఇప్పుడు ఆ వీడియోల్లో చెప్పే నులిపురుగుల కథ చూడండి. పొడి అంచులు పదునుగా ఉంటాయట, కడుపులో పురుగుల్ని కోసేస్తాయట. పొడి కలిపేదే గ్లాసెడు నీళ్లలో. పోయేది ఎప్పుడూ తడిగా ఉండే పేగుల్లోకి. అక్కడ ఎండబెట్టేదేముంది? పోనీ పదునే అనుకుందాం. పురుగుని కోసేంత పదునుంటే పేగుని మాత్రం ఊరుకుంటుందా? ఆ వీడియోల కిందే అడిగాను ఒకసారి, జవాబు లేదు, నన్ను బ్లాక్ చేశారు.

‘ఫుడ్ గ్రేడ్ అని ప్యాకెట్ మీద ఉంది కదా’ అని అమ్మగారు అంటారు, మా పిన్ని కూడా అలాగే అంది. ఆ ముద్ర దేనికంటే, ఆహారం తయారు చేసేటప్పుడు వడకట్టడానికీ, పశువుల దాణా గడ్డ కట్టకుండా కొద్దిగా కలపడానికీ పనికొచ్చేంత శుభ్రంగా ఉందని చెప్పడానికి. అమెరికాలో దాణాలో 2 శాతానికి మించి కలపకూడదు. ఆర్సెనిక్, సీసం లాంటివాటికీ పరిమితి ఉంటుంది, ఎందుకంటే ఎంతైనా అది గనిలోంచి తవ్విన మట్టే, ఆ గనిలో ఏముంటే అది అందులోకి వస్తుంది. ఒంట్లోంచి సీసం లాగేస్తుందని చెప్పి అమ్మే పొడికి సీసం పరీక్ష చేయాల్సి రావడం నాకైతే నవ్వొస్తుంది. ఆ ముద్రకీ, మనిషి చెంచాలతో రోజూ మింగొచ్చు అనడానికీ ఏ సంబంధమూ లేదు.

పూల్ ఫిల్టర్లకి వాడే రకం మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. దాన్ని బాగా ఎక్కువ వేడి మీద కాలుస్తారు. ఆ కాల్చడంలో మామూలు సిలికాలో చాలా భాగం స్ఫటిక సిలికాగా మారిపోతుంది. రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ జబ్బు వచ్చేది ఈ స్ఫటిక సిలికా దుమ్ము పీల్చడం వల్లే. క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 1997లోనే, పని చేసే చోట పీల్చే ఈ దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ఆన్‌లైన్‌లో రెండు రకాలూ ‘డీఈ పౌడర్’ పేరుతోనే దొరుకుతాయి. అమ్మగారి ప్యాకెట్ మీద ఏముందో కళ్లారా చూడండి. నేను మొక్కలకి కొనేదాని మీద ‘ఫుడ్ గ్రేడ్’ అని ఉంది గానీ, ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద ఉండే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు 14 అంకెల నంబరు లేనే లేదు. మా పిన్ని కొన్నదీ సరిగ్గా ఆ ప్యాకెట్టే, గార్డెనింగ్ సామాన్ల లిస్టులోది.

ఫుడ్ గ్రేడ్ రకంలో స్ఫటిక సిలికా చాలా తక్కువ. అయినా ముక్కులోకి, గొంతులోకి పోతే మంట, దగ్గు తప్పవు. పిన్ని వంటింట్లో కలుపుతుంటే చూశాను. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ప్యాకెట్ కత్తిరించి చెంచాతో తీస్తుంటే తెల్లటి పొగలా లేచింది. తనకి దగ్గొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది, స్టవ్ పక్కన గట్టంతా తెల్లబడింది. స్టీలు గ్లాసులో ఎంత తిప్పినా కరగదు. గబగబా తాగేసినా అడుగున మిగిలిపోతుంది. అది కూడా పోనివ్వకుండా ఇంకాసిని నీళ్లు పోసి, గిర్రున తిప్పి, అదీ తాగింది. ‘ఇంత డబ్బు పోసి కొన్నాను, అడుగున వదిలేస్తానా’ అంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పని అసలు పెట్టుకోకూడదు.

మా పిన్నికి ఈ పొడి పట్టించింది పొద్దున వాకింగ్‌కి వచ్చే బ్యాచ్. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడడం, మధ్యాహ్నానికల్లా నీరసం. అప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. పొడి మొదలెట్టాక మొదటి వారమే మలబద్ధకం పట్టుకుంది. ‘విషాలు బయటికొచ్చే ముందు అలాగే ఉంటుంది’ అని గ్రూపులో చెప్పారట. పొడి మామూలుగానే నీళ్లు పీల్చుకునే రకం, మా పిన్నేమో రోజుకి లీటరు నీళ్లు కూడా తాగదు. అయినా ఒళ్లు తేలికైందని అందరికీ చెప్పేది. బాబాయి మాత్రం ‘పొడి తేలిక కదా, అందుకే’ అనేవాడు.

చివరికి ఓ రోజు బందరు రోడ్డు మీద ఆటో దిగి నిలబడలేక కూర్చుండిపోయింది. సూర్యారావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ కింది రెప్ప లాగి చూసి, గోళ్లు చూసి, మేము అనుకోని ప్రశ్న అడిగింది. ‘బియ్యం గానీ, బలపాలు గానీ, సుద్ద గానీ తినాలనిపిస్తుందా అమ్మా?’ పిన్ని నేల చూపులు చూసింది. ‘బియ్యం డబ్బా దగ్గర్నుంచి లేవదండీ’ అన్నాడు బాబాయి. హిమోగ్లోబిన్ 7.9 ఉంది. ఐరన్ నిల్వలు అడుగంటాయి. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) కనిపించింది. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువైపోతున్నా ‘ఈ వయసులో మామూలేలే’ అని ఊరుకుంది. ఐరన్ బాగా తగ్గినవాళ్లకి మట్టి, బియ్యం, సుద్ద లాంటివి తినాలనిపించడం తరచూ చూస్తామని డాక్టరమ్మ చెప్పింది. ఆ తెల్ల పొడి మీద మా పిన్నికి అంత ఇష్టం పుట్టింది కూడా అందుకేనేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే.

థైరాయిడ్ సంగతి కూడా చెప్పాలి. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ ముందుకన్నా పెరిగింది, అంటే థైరాయిడ్ మాత్ర సరిపోవడం లేదన్నమాట. మాత్ర, పొడి రెండూ పరగడుపునే ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి మరి. డాక్టరమ్మ డోసు పెంచలేదు. పొడి మానేసి, మాత్ర ఒక్కటే వేసుకుని, రెండు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించమంది. టీఎస్‌హెచ్ దిగింది. ఈ ఒక్క కేసుతో పొడిదే తప్పని తేల్చలేం. కానీ థైరాయిడ్ మాత్ర దగ్గర్లో ఐరన్, కాల్షియం కూడా వేసుకోవద్దని, నాలుగు గంటల ఎడం ఉండాలని డాక్టర్లు చెబుతారు కదా. దేన్నైనా పట్టుకునే పొడిని ఆ టైమ్‌లోనే తాగడం ఎందుకు? మీ అమ్మగారు బీపీకో, షుగరుకో, థైరాయిడ్‌కో మాత్రలు వేసుకుంటుంటే మొట్టమొదట అడగాల్సింది ఇదే.

కొలెస్ట్రాల్ విషయంలో ఒక అధ్యయనాన్ని అందరూ చూపిస్తారు. అది నిజంగానే ఉంది, 1998లో వచ్చింది. 19 మందికి రోజుకి మూడుసార్లు 250 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చారు, కొలెస్ట్రాల్ కొంత తగ్గింది. కానీ పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గ్రూపు లేదు. పరీక్షలో ఉన్నామని తెలిస్తేనే మనం నూనె తగ్గిస్తాం, నాలుగడుగులు ఎక్కువ నడుస్తాం. ఇంకో సంగతి, వాళ్లకిచ్చింది రోజుకి ముప్పావు గ్రాము, వీడియోల్లో చెప్పేది చెంచాల లెక్క. అంత చిన్న పరీక్షని పట్టుకుని, కొలెస్ట్రాల్‌కి డాక్టర్ ఇచ్చిన స్టాటిన్ మాత్ర మానేసినవాళ్లు నాకు తెలుసు. అదీ అసలు ప్రమాదం.

జుట్టుకీ గోళ్లకీ సిలికా కావాలంటే అది నీళ్లలో కరిగిన రూపంలో ఉన్నప్పుడే ఒంటికి పడుతుంది. ఈ పొడి కరగడం చాలా తక్కువ. ముడి ధాన్యాలు, బీన్స్, అరటిపండు, తాగే నీళ్లలోంచే మనకి అది అందుతూ ఉంటుంది. జుట్టు ఊడుతుంటే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వల పరీక్ష), థైరాయిడ్ చూపించుకోవాలి. మా పిన్నికి ఐరన్ మాత్రలు వేసుకున్నాకే జుట్టు నిలబడింది. ఇప్పుడు ఆ మాత్రలు నిమ్మరసంతో వేసుకుంటోంది, టీ మాత్రం గంట ఆగి తాగుతోంది. ఫైబ్రాయిడ్‌కి వైద్యం వేరే నడుస్తోంది.

కిడ్నీల గురించి కూడా అడిగారు. కిడ్నీల్లో సిలికా రాళ్లు చాలా అరుదు. ఏళ్లతరబడి మెగ్నీషియం ట్రైసిలికేట్ అనే సిలికా పదార్థం ఉన్న యాంటాసిడ్ (కడుపు మంట మందు) వాడినవాళ్లలో కొందరికి వచ్చాయి. రాళ్ల ఇబ్బంది ముందే ఉన్నవాళ్లు, కిడ్నీ పని తగ్గినవాళ్లు ఇలాంటి వాటి జోలికి పోకపోవడమే మేలు.

మరి అమ్మగారితో ఎలా చెప్పాలి? ‘అది విషం, పారెయ్’ అంటే వినరు, మా పిన్నీ వినలేదు. ‘నువ్వు తాగేది పని చేస్తోందో లేదో టెస్ట్ చేయిద్దాం’ అంటే వెంటనే బయల్దేరింది. లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించండి. డాక్టర్‌కి ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లి చూపించండి, ‘ఏదో ఆయుర్వేదం పొడి’ అని చెప్పొద్దు, అది ఆయుర్వేదం కాదు. మలబద్ధకం, కడుపు నొప్పి, దగ్గు ఏదున్నా ఆ రోజే ఆపించేయండి.

పాపకి మాత్రం వద్దే వద్దు. చిన్నపిల్లలు గ్లాసు ఎత్తేటప్పుడు పొడి పీల్చేస్తారు, పొలమారితే గొంతులోకి పోతుంది. నులిపురుగులకి ఆల్బెండజోల్ ఉంది, అంగన్‌వాడీల్లో, స్కూళ్లలో ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఉచితంగా వేస్తారు. రెండేళ్లు దాటిన పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి అందులో సగం. నమిలి మింగించాలి, మరీ చిన్నవాళ్లకైతే నలిపి నీళ్లతో పట్టాలి. పాప ఆ రోజు స్కూలుకి వెళ్లకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.