జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ వాంతుల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 109 కిలోలు, ఇప్పుడు 86. మొదటి నెల జావ, పప్పుకట్టు, మజ్జిగతో బాగానే గడిచింది. మోకాళ్ల నొప్పులు తగ్గాయి. ఆయాసం లేకుండా మెట్లెక్కుతున్నాను. కానీ నెల రోజులుగా తల దువ్వితే గుప్పెడు జుట్టు ఊడి వస్తోంది. మూడు వారాలుగా బరువు 86 దగ్గరే ఆగింది. ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో మా వారికి తప్ప ఇది బరువు ఆపరేషన్ అని ఎవరికీ తెలియదు. హెర్నియా అని చెప్పాం. 'అన్నం తినకపోతే ఒంట్లోకి బలం ఎక్కడి నుంచి వస్తుందమ్మా' అంటూ మా అత్తయ్య పక్కన కూర్చుని వడ్డిస్తారు. కాదనలేక తింటాను. వారంలో నాలుగైదు సార్లు వాంతి అవుతుంది, అలవాటైపోయింది. పదిహేను రోజులుగా అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నాయి, షుగర్ వల్లేమో. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగర్ మాత్ర పాత డోసులోనే వేసుకుంటున్నాను. అప్పుడప్పుడు చెమటలు పట్టి వణుకు వస్తోంది. విటమిన్ మాత్రల వాసన పడక రెండు నెలల కిందటే మానేశాను. జుట్టు రాలకుండా ఏ మాత్ర వాడాలి? బరువు మళ్లీ తగ్గాలంటే ఏం చేయాలి?

- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు అడిగిన రెండింటికీ సమాధానం చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి మీరు అడగని విషయాలే. తరచూ వాంతులు, అరికాళ్లలో మంటలు, రెండు నెలలుగా విటమిన్లు లేకపోవడం. బరువు ఆపరేషన్ అయిన మనిషిలో ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది బి1 విటమిన్ లోపాన్ని. దీన్నే థయమిన్ అంటారు. ఇవాళో రేపో మీ సర్జన్‌ని కలవండి. హైదరాబాద్ వెళ్లడానికి వీలు కాకపోతే ఖమ్మంలోనే ఫిజీషియన్ ఉండే ఆసుపత్రికి వెళ్లండి. వచ్చే చెకప్ దాకా ఆగొద్దు.

ఎందుకింత తొందరంటే, బి12లా బి1 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉండదు. ఒంట్లో మొత్తం కలిపి 30 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంతే. లోపలికి రావడం ఆగిపోతే రెండు మూడు వారాల్లో అది అడుగంటుతుంది. మీరు తినేదే కొంచెం. అందులో ఎక్కువ భాగం తెల్లన్నం. పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటే బి1 కూడా పోతుంది. ఆ కాస్తా వాంతిలో పోతోంది. బ్రిటిష్ వారి కాలంలో సర్కారు జిల్లాల్లో, అంటే ఇప్పటి కోస్తాలో, మిల్లు పట్టిన పచ్చిబియ్యం తినేవారికి బెరిబెరి అనే జబ్బు వచ్చేది. కాళ్ల నరాలు దెబ్బతినేవి, కొందరిలో గుండె కూడా. ఉప్పుడు బియ్యం తినేవారిలో అది అంతగా కనిపించేది కాదు. మనం మరిచిపోయిన ఆ జబ్బు బరువు ఆపరేషన్ల తర్వాత మళ్లీ కనిపిస్తోంది. వైద్య పుస్తకాల్లో దానికి బేరియాట్రిక్ బెరిబెరి అనే పేరే ఉంది.

కాళ్ల మంటల దగ్గర పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే మెదడు దెబ్బతింటుంది. నడుస్తుంటే తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదరడం, మాటకూ మాటకూ పొంతన లేకపోవడం దాని గుర్తులు. అన్నీ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. కాబట్టి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలని మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

అరికాళ్ల మంటలు షుగర్ వల్ల, బి12 లోపం వల్ల కూడా రావచ్చు. మెట్‌ఫార్మిన్ బి12ని తగ్గిస్తుంది, స్లీవ్ తర్వాత అది వంటబట్టడం ఇంకా కష్టం. ఏది కారణమో తేల్చే పరీక్షలు మెల్లిగా చేసుకోవచ్చు. బి1 ఇంజెక్షన్ మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా, అనుమానం మీదే మొదలుపెడతారు. అలాగే చేయాలి కూడా. ఇంజెక్షన్‌తో పెద్దగా నష్టం లేదు, ఆగితే ఉంది. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం కూడా చూస్తారు. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఇచ్చిన బి1 సరిగా పనిచేయదు.

ఇక్కడ మన ఊళ్ల అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. నీరసంగా ఉందంటే వీధి చివరి క్లినిక్‌లో ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని రావడం మనకు మామూలే. మీరు ఆ పని చేయొద్దు. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి బి1 కావాలి. నిల్వలు అడుగంటిన మనిషికి ఒక్కసారిగా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి, నేను పైన చెప్పిన మెదడు సమస్య అప్పటికప్పుడే బయటపడవచ్చు. సెలైన్ ఎక్కించాల్సి వస్తే 'నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, ముందు బి1 ఇవ్వండి' అని నోరు తెరిచి అడగండి. షుగర్ బాగా పడిపోయినప్పుడు మాత్రం ఈ లెక్క వర్తించదు, అప్పుడు గ్లూకోజ్ ఆపకూడదు. రెండూ కలిపి ఇస్తారు.

షుగర్ పడిపోవడం అంటే గుర్తొచ్చింది. మీకు వచ్చే చెమటలు, వణుకు బహుశా అదే. మాత్రలోని గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటకు నెడుతూనే ఉంటుంది. 109 కిలోలున్నప్పుడు రాసిన డోసు ఇప్పుడు మీకు ఎక్కువ. బరువు ఆపరేషన్ల తర్వాత ఈ రకం మాత్రలను సాధారణంగా తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. మీకు రాసిచ్చిన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేసి అడగండి. వణుకు వచ్చినప్పుడు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి మెల్లగా తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి.

వాంతులు 'అలవాటైపోయాయి' అన్నారు. నాలుగో నెలలో వారానికి ఇన్నిసార్లు వాంతి కావడం మామూలు విషయం కాదు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం, దానికి సాగే గుణం తక్కువ. మెత్తటి అన్నం ముద్దలు గబగబా దిగితే అక్కడే ఇరుక్కుంటాయి. మధ్యలో నీళ్లు తాగితే ఇంకా త్వరగా నిండి పైకి తన్నుతుంది. మీ విషయంలో సగం కారణం ఇదే అయి ఉండవచ్చు. అయినా సరే, మిగతావి చూడకుండా అలా అనుకుని వదిలేయకూడదు. గొట్టం వంపు దగ్గర సన్నబడిందేమో ఎండోస్కోపీలో తెలుస్తుంది. సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేస్తారు, చాలామందికి మళ్లీ ఆపరేషన్ అవసరం రాదు. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, ఒక స్కానింగ్ చేయించండి. గర్భ పరీక్ష కూడా చేయించుకోండి. నవ్వకండి. బరువు తగ్గేకొద్దీ నెలసరులు సర్దుకుని, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కనీసం ఏడాది, వీలైతే ఏడాదిన్నర దాకా గర్భం వద్దని చెబుతాం. వాంతులయ్యేవారు గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడకూడదు.

ఇక మీ అత్తయ్యగారి సంగతి. ఆపరేషన్ విషయం ఊరందరికీ చెప్పుకోవాల్సిన పని లేదు. బద్ధకంతో ఒళ్లు పెంచుకుని డబ్బుతో తగ్గించుకుందనే మాటలు మీరూ వినే ఉంటారు, దాచిపెట్టాలని ఎందుకు అనిపించిందో అర్థమవుతోంది. కానీ మీకు వండి వడ్డించే మనిషికి తెలియకపోతే ఎలా? ఆవిడ మీ పళ్లెంలో ప్రేమతోనే వడ్డిస్తున్నారు, హెర్నియా అయిన కోడలికి. ఒకవేళ మీరు ఇంట్లో తూలి పడితే, మీవారు ఊళ్లో లేకపోతే, ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆవిడే. అక్కడ డాక్టరుతో ఆవిడ హెర్నియా అనే చెబుతారు. నా అభిప్రాయంలో ఈ ఒక్క మనిషికి నిజం చెప్పేయడం మీరు వాడబోయే మాత్రలన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది. మీకు కష్టంగా ఉంటే మీవారిని చెప్పమనండి. అదీ కుదరకపోతే ఆవిడను చెకప్‌కు వెంట తీసుకెళ్లండి, మీ డాక్టరే చెబుతారు.

తిండి విషయంలో మన భోజనం వరసను తిరగేయాలి. ముందు గుడ్డో, చేప ముక్కో, పనీరో, గట్టి పప్పో. తర్వాత కూర. పొట్టలో చోటుంటే చివర్లో రెండు మూడు చెంచాల అన్నం, చోటు లేకపోతే లేదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి అది తేలిక కాదు. పల్చటి పెసరట్టు, మీల్‌మేకర్, పెరుగు, కోడిమాంసం ఖీమా కలుపుకుంటూ, తక్కువైన చోట డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి వాడాలి. తినేముందు అరగంట, తిన్నాక అరగంట నీళ్లొద్దు. మిగతా సమయంలో గుక్కగుక్కగా లీటరున్నర దాకా తాగండి. వాంతులు అదుపులోకి వచ్చే దాకా కొన్నాళ్లు మళ్లీ మెత్తటి ఆహారానికి వెళ్లమని డాక్టరు చెప్పవచ్చు. చెబితే వెళ్లండి, అది వెనక్కి పోవడమేమీ కాదు.

జుట్టు గురించి. పెద్ద ఆపరేషన్, వేగంగా తగ్గిన బరువు, ఈ రెండింటికీ ఒళ్లు స్పందించి చాలా వెంట్రుకలను ఒకేసారి విశ్రాంతి దశలోకి పంపుతుంది. మూడో నెల నుంచి అవి రాలతాయి. కుదుళ్లు చెడిపోవు. తిండి సరిగ్గా ఉంటే ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య రాలడం తగ్గి, మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్, జింక్ తక్కువైతే ఇది సాగుతుంది. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించమంటున్నాను. బయోటిన్ వాడమని ఎవరో ఒకరు చెబుతారు. లోపం లేనివారికి దానితో పెద్ద ఉపయోగం కనిపించదు, పైగా థైరాయిడ్ రిపోర్టులను తారుమారు చేస్తుంది. తలకు ఇంజెక్షన్ల ప్యాకేజీలకు ఇప్పుడు డబ్బు పెట్టొద్దు.

బరువు గురించి ఇంకా తక్కువ చెబుతాను. నాలుగు నెలల్లో ఒంటి బరువులో ఐదోవంతు తగ్గింది. ఆపరేషన్ ఫెయిల్ కాలేదు. రెండు మూడు వారాలు ముల్లు కదలకపోవడం దాదాపు అందరికీ జరుగుతుంది. దానికి భయపడి తిండి ఇంకా తగ్గించడమే తప్పు. రోజూ తూకం ఎక్కడం మానేసి వారానికోసారి చూసుకోండి. కాళ్ల తిమ్మిర్లు తగ్గి, డాక్టరు సరేనన్నాక నడకతో పాటు చిన్న బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టండి, కండ కరగకుండా ఉంటుంది.

విటమిన్లు మాత్రం జీవితాంతం. వాసన పడకపోతే చప్పరించేవి, నమిలేవి ఉన్నాయి, బ్రాండ్ మార్చమని అడగండి. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోవద్దు, మధ్య రెండు గంటలైనా ఉండాలి. ఐరన్‌తో పాటు టీ, కాఫీ వద్దు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వాడుతున్న షుగర్ మాత్ర అట్ట తీసుకెళ్లండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి మీ ఫోన్‌లో, మీవారి ఫోన్‌లో, వీలైతే అత్తయ్యగారి ఫోన్‌లో కూడా పెట్టండి.