ఏడాది మార్వాడీ గుర్రప్పిల్ల 55 ఇంచులుంది, 65 దాటుతుందా?

నర్సంపేట అన్నా, మీ మార్వాడీ జాతి మగ గుర్రప్పిల్లకు ఏడాది నిండింది, ఎత్తు 55 ఇంచులు, అమ్మినాయన 65 దాటుతుందన్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. నా అంచనా 61 దగ్గర. ఒక ఇంచు అటూ ఇటూ.

గుర్రప్పిల్ల పుట్టేటప్పుడే కాళ్లు బాగా పొడుగుంటాయి. పెద్దయ్యాక వచ్చే ఎత్తులో 60 శాతానికి పైగా అప్పటికే ఉంటుంది. ఆరు నెలలకు 80 శాతం దాటుతుంది, ఏడాదికి 90 దగ్గరికొస్తుంది. 55ను 0.9తో భాగించి చూడండి. మా ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలన్నీ దాదాపు ఈ లెక్కలోనే నడిచాయి. 64 దాటిన మార్వాడీలూ ఉన్నాయి, కానీ 61 ఈ జాతికి మంచి ఎత్తే.

ముందు ఆ 55 ఎలా కొలిచారో చూసుకోండి. టేపును భుజం మీదుగా ఒంటికి ఆనించి లాగితే ఎత్తు ఎక్కువే వస్తుంది, బేరాల్లో చాలామంది అట్లనే కొలుస్తారు. సిమెంటు నేల మీద ముందుకాళ్లు సమంగా నిలబెట్టి, మూపు (మెడ, వీపు కలిసే ఎత్తు చోటు) మీద కర్ర అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి నేలకు నిలువుగా కొలవాలి. పిరుదుల దగ్గర కూడా కొలవండి. వెనక ఎత్తుగా ఉంటే మూపు ఇంకా లేవాల్సి ఉందని అర్థం.

ఇక మీద ఎత్తు కంటే ఛాతీ చుట్టుకొలత, బరువు ఎక్కువ పెరుగుతాయి. పెద్ద గుర్రానికైతే ఛాతీ చుట్టుకొలతను దాంతోనే గుణించి, భుజం ముందు నుంచి పిరుదు చివరిదాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. పిల్లలకు ఇది కొంచెం తక్కువ చూపిస్తుంది, అయినా నెలనెలా రాసుకుంటే పెరుగుదల తెలుస్తుంది.

నాకు అసలు టెన్షన్ మేత గురించే. మన వరంగల్ వైపు వరిగడ్డి, తవుడు సులువుగా దొరుకుతాయని అవే వేస్తుంటారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. వరిగడ్డి ఆ లోటు తీర్చదు. పెరిగే ఎముకకు ఇది చేటు. లూసర్న్ గడ్డి కలపండి, మినరల్ మిక్చర్ పశువైద్యుణ్ని అడిగి వేయండి. త్వరగా ఎత్తు రావాలని దాణా గుప్పిస్తే మోకాళ్ల పైన ఎముక చివర్లు ఉబ్బుతాయి, కాళ్లు వంకర పోతాయి. ఎత్తు మాత్రం తల్లిదండ్రుల నుంచి వచ్చినదాన్ని మించదు.

బారాత్‌లకు అడుగుతారు, డబ్బు కనిపిస్తుంది, ఇప్పుడే పంపొద్దు. మోకాలి పైన ఎముక రెండు, రెండున్నర ఏళ్లకు గానీ గట్టిపడదు, వెన్నెముకకు ఇంకా చాలా కాలం పడుతుంది.

మూపు, పిరుదు ఎత్తులు రెండూ రాయండి. తల్లి ఎత్తు తెలిస్తే అదీ చెప్పండి, అంచనా ఇంకొంచెం సరిచేసి చెప్తాను.