ఒక పూటకి ఒక్క కొత్త సంగతి

పోయిన నెల, ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఆరు వారాలుగా టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, గుడ్డు పులుసు, ఇవే తిరుగుతున్నాయి. కొత్తవి చేద్దామని మొదలుపెడితే సగం చెత్తబుట్టలోకి పోతోంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?" అని అడిగింది. నేను అమెరికాలోని మిషిగన్ వచ్చి 19 ఏళ్లయింది. ఈ ప్రశ్న అడగని కొత్త కాపురం ఇంతవరకు నాకు తగల్లేదు.

అసలు ఇక్కడికి వచ్చాక మన పాత వంటలే కొంతకాలం కొత్త వంటల్లా ఏడిపిస్తాయి. చాలా అపార్ట్‌మెంట్లలో ఉండే కరెంటు కాయిల్ స్టవ్ కట్టేశాక కూడా వేడి వదలదు. గ్యాస్ మీద అలవాటైన చేత్తో పోపు పెడితే మెంతులు నల్లబడిపోతాయి, ఎండుమిర్చి పొగకి స్మోక్ అలారం మోగుతుంది. స్టవ్ కట్టేస్తే చాలదు, మూకుడు దించి పక్కన పెట్టాలి. సూపర్ మార్కెట్ టమాటాల్లో పులుపు తక్కువ, అందుకని టమాటా పప్పులో కూడా కాస్త చింతపండు పడాల్సిందే. చలికాలంలో ఇడ్లీ పిండి పులియకపోతే గిన్నె ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచండి, తెల్లారేసరికి పొంగుతుంది. ఓవెన్ తలుపు మీద చీటీ అంటించడం మాత్రం మర్చిపోకండి. మా ఆయన ఒకసారి లోపల చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడి చేశారు. ప్లాస్టిక్ డబ్బా, అందులోని పిండి కలిసి కరిగి జాలీకి అంటుకుపోయాయి. ఆ జాలీ గీకి గీకి చివరికి పారేశాం.

అందుకని మొదటి రెండు నెలలు కొత్త వంటల జోలికి పోకపోయినా నష్టం లేదు. పప్పు, చారు, ఒక వేపుడు, తోడుపెట్టిన పెరుగు, ఇవి ఇక్కడి పొయ్యి మీద కళ్లు మూసుకుని చేసేలా చెయ్యి కుదరనివ్వండి.

నేను ఆ ఓపిక పట్టలేదు. వచ్చిన ఏడాది ఒక ఆదివారం కీన్వాతో పులిహోర, కేల్ ఆకుతో పప్పు, ఓవెన్‌లో కాల్చిన వంకాయ చేశాను. మూడూ మొదటిసారే. కీన్వా గింజల్ని కడక్కుండా వండేశాను. వాటి పైపొరలో సపోనిన్ అనే చేదు పదార్థం ఉంటుందని, కుంకుడుకాయ నురగకి కారణం కూడా ఆ జాతి పదార్థమేనని తర్వాత తెలిసింది. మా ఆయన ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి పొద్దుటి అన్నం తెచ్చుకుని, పెరుగు కలుపుకుని, ఆవకాయ నంజుకుని తిన్నారు. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పూటకి ఒక్క కొత్త సంగతే. కూరగాయ కొత్తదైతే చేసే పద్ధతి పాతది. పద్ధతి కొత్తదైతే కూరగాయ తెలిసిందే. ఏది చేసినా పక్కన పప్పో చారో ఉండి తీరాలి. కుదరకపోయినా ఎవరూ ఆకలితో లేవరు, చేసినవాళ్లకి టెన్షన్ ఉండదు.

ఇలా మా ఇంట్లో స్థిరపడిపోయినవాటిలో నాకు బాగా ఇష్టమైనది రూబార్బ్. మే, జూన్ నెలల్లో శనివారం డెట్రాయిట్ ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్తే ఎర్రటి కాడలు కట్టలు కట్టి అమ్ముతుంటారు. ఇక్కడివాళ్లు వాటిలో బోలెడు చక్కెర పోసి 'పై' అనే తీపి వంటకం చేస్తారు. నేను మొదటిసారి చిన్న ముక్క కొరికి చూసి, ఇది చుక్కకూరే కదా అనుకున్నాను. నిజంగానే రెండూ ఒకే కుటుంబం మొక్కలు. ఒక కప్పు కందిపప్పు మామూలుగా ఉడికించుకోండి. రెండు మూడు కాడలు అర అంగుళం ముక్కలు కోసి, పచ్చిమిర్చి, పసుపు, కాసిని నీళ్లతో వేరే గిన్నెలో పెట్టండి. ఐదారు నిమిషాల్లో గుజ్జైపోతుంది. పప్పులో కలిపి ఉప్పు వేసి, వెల్లుల్లి కాస్త ఎక్కువగా దంచి వేసి పోపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు. ముక్కల్ని పప్పుతో పాటు కుక్కర్‌లో పడేయకండి, ఆ పులుపుకి పప్పు మెత్తబడదు. ఆకులు మాత్రం అస్సలు వాడకూడదు, అవి విషం. ఆకు కనిపిస్తే పప్పులో వేసే జాతి మనది కాబట్టి మరోసారి చెబుతున్నాను, కాడలు మాత్రమే.

రూబార్బ్ దొరకని నెలల్లో క్రాన్‌బెర్రీ ఉంది. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ ముందు షాపుల నిండా 12 ఔన్సుల సంచుల్లో వస్తాయి. దాదాపు వాక్కాయల పులుపే. సంచి సంచిలాగే ఫ్రీజర్‌లో పడేస్తే నెలల తరబడి పప్పుకీ పచ్చడికీ పనికొస్తాయి. సొరకాయతో చేసేవన్నీ జుకినీతోనూ చేయొచ్చు, చెక్కు తీసే పని కూడా లేదు. నీరు మాత్రం బాగా వదులుతుంది, వేపుడైతే మూత పెట్టకుండా పెద్ద మంట మీద చేసి ఉప్పు చివర్లో వేయండి. బ్రసెల్స్ స్ప్రౌట్స్ చిట్టి క్యాబేజీలే. సగానికి కోసి నూనె పట్టించి 425 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో అంచులు ఎర్రబడేదాకా ఉంచి, పైన కరివేపాకు కారం చల్లితే మా పిల్లలు అన్నం లేకుండానే తినేస్తారు.

ఇక పూర్తిగా బయటి వంటల సంగతి. పాస్తా అయినా బ్లాక్ బీన్స్ అయినా మొదటిసారి వాళ్లు చెప్పినట్టే చేయండి. మొదటి రోజే గరం మసాలా, అల్లంవెల్లుల్లి వేస్తే అది మన కూరలాగే ఉంటుంది, అసలు రుచి ఏమిటో తెలియనే తెలియదు. మీ ఇష్టమొచ్చిన కారం రెండోసారి వేసుకోండి. ఈ విషయంలో నాతో గొడవపడే స్నేహితులు చాలామంది ఉన్నారు, వాళ్ల పాస్తా ఉప్మాలా ఉంటుందన్నది వేరే సంగతి.

డబ్బు దండగయ్యేది ఎక్కువగా సీసాల దగ్గరే. ఒక వంటకి ఒక్క చెంచా కోసం కొన్న సాస్ ఆరు నెలలు ఫ్రిజ్ తలుపులో ఉండి చివరికి చెత్తలోకి పోతుంది. అందుకే కొత్త సరుకు కొనేముందు, ఇది నా పాత వంటల్లో దేంట్లో పడుతుంది అని ఆలోచిస్తాను. తహీనీ కొన్నాను, ఎందుకంటే అది నువ్వుల ముద్దే. హమ్మస్‌కి, అంటే ఉడికించిన శనగల ముద్దకి, వాడగా మిగిలింది గుత్తివంకాయ మసాలాలోకి వెళ్తుంది. చక్కెర కలపని పీనట్ బటర్ ఉంటే, పల్లీలు వేయించే తీరిక లేని పొద్దున దోసెల్లోకి చట్నీ అయిపోతుంది. ఇలా ఏ వంటలోనూ పడదనిపించిన సీసా ఎంత చవగ్గా ఉన్నా కొనను.

వారం మధ్యలో, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజున ప్రయోగాలు పెట్టుకోవద్దు. శనివారం మధ్యాహ్నం, అదీ తక్కువ మోతాదులో చేసి చూడండి.

ఇవన్నీ ఫోన్‌లో చెబితే ఆ అమ్మాయి ఊ కొడుతూ రాసుకుంది. మొన్న జుకినీ పెరుగు పచ్చడి ఫొటో పంపింది. పక్క గిన్నెలో టమాటా పప్పు, ఆ పక్కన బంగాళాదుంప వేపుడు కూడా కనిపించాయి.