‘ఐ ప్లస్ వన్’ని కొలిచేదెలా?

ప్రశ్న: రెండో భాష అభ్యసనంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. భాషావేత్త క్రాషెన్ చెప్పిన ‘ఐ ప్లస్ వన్’ ఆధారంగా పరికల్పన రాస్తే, ‘ఇది తప్పని తేలే దారేదీ?’ అంటూ గైడ్ తిప్పి పంపారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన అడిగింది న్యాయమే. అభ్యాసకుడి ప్రస్తుత స్థాయి ‘ఐ’. దానికి ఒక మెట్టు పైనున్న భాష అర్థమైతే అది వంటబడుతుందంటారు క్రాషెన్. ఆ ‘ఐ’ని కొలిచే కొలబద్ద మాత్రం ఇవ్వలేదు. భాష వస్తే ఇన్‌పుట్ (అభ్యాసకుడు విన్న, చదివిన భాష) సరిపోయినట్టు, రాకపోతే సరిపోనట్టు! ఎటు తిప్పినా సిద్ధాంతమే గెలుస్తుంది.

భాషావేత్త పీనెమన్ ప్రాసెసబిలిటీ సిద్ధాంతం (1998) చూడండి. మెదడు ఏ దశలో ఏ వ్యాకరణ రూపాన్ని సంబాళించగలదో, ఆ వరుసలోనే భాష వస్తుందన్నది దాని సారం. ఇంగ్లిష్‌లో ‘క్యాట్స్’లోని బహువచన ‘ఎస్’ ముందు, ‘షి ఈట్స్’లోని ‘ఎస్’ బాగా తర్వాత వస్తాయంటుంది. రెండోది వచ్చి మొదటిది రాని అభ్యాసకుడు దొరికితే సిద్ధాంతానికి చిక్కే. పరికల్పనకు ఇలాంటి ప్రమాదం ఉండాలి.

డేటా దగ్గరే చాలామంది తడబడతారు. ‘షి ఈట్స్’లాంటి రూపం అవసరమైన సందర్భమే అభ్యాసకుడి సంభాషణలో రాకపోతే ‘రాలేదు’ అని కాక ‘ఆధారం లేదు’ అని నమోదు చేయండి. ‘ఈట్స్’ ఒక్కటే పదేపదే వినిపిస్తే అది బట్టీ మాట కావచ్చు; వేర్వేరు క్రియలతో వాడినప్పుడే లెక్కించండి. ఇక్కడ చూడాల్సింది రూపం తొలిసారి సొంతంగా పుట్టిన దశను, నూటికి ఎన్ని ఒప్పులన్నది కాదు.