కొత్త పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియాకు చెక్-ఇన్ కాకపోవడం: సమాధానం

శాశ్వత నివాస వీసా ఉన్నా, లండన్ నుంచి మెల్‌బోర్న్‌లోని మీ అక్కగారింటికి వెళ్లే ప్రయాణానికి ఆన్‌లైన్ చెక్-ఇన్ "వీసా లేదు" అని ఆగిపోవడానికి, మీరు ఇటీవల పాస్‌పోర్టు మార్చుకోవడమే కారణమై ఉంటుంది. ఆస్ట్రేలియా 2015 సెప్టెంబరు నుంచి వీసా స్టిక్కర్లు అతికించడం లేదు. వీసా పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి కంప్యూటరులోనే ఉంటుంది కనుక, పాత పాస్‌పోర్టును కొత్తదానికి పిన్ను కొట్టి కౌంటరులో చూపించినంత మాత్రాన అది కొత్త నంబరుకు మారదు.

1. ఇమ్మిఅకౌంట్‌లోని (ఆస్ట్రేలియా వలస శాఖవారి ఆన్‌లైన్ ఖాతా) "అప్‌డేట్ అస్" విభాగంలో పాస్‌పోర్టు మార్పును నమోదు చేసి, ఫొటో ఉన్న పేజీని జతచేయండి. ఆన్‌లైన్ ఖాతా లేనివారు ఫారం 929 పంపాలి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. కొన్ని రోజులాగి, వీసా వివరాలు సరిచూసుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ వీవో (VEVO)లో కొత్త నంబరుతోనే వెతకండి. పాత నంబరుతో చూస్తే వివరాలన్నీ చక్కగా కనిపించి మనల్ని నిశ్చింతగా కూర్చోబెడతాయి; నేనూ ఒకసారి అలాగే మోసపోయి, విమానాశ్రయంలో రెండు గంటలు నిలబడ్డాను.

3. అదే పేజీలో "మస్ట్ నాట్ అరైవ్ ఆఫ్టర్" తేదీని చూడండి. నివాస హక్కుకు గడువు లేకున్నా, తిరిగి ప్రవేశించే వీలు సాధారణంగా వీసా ఇచ్చిన నాటి నుంచి 5 సంవత్సరాలే. అది దాటిపోయి ఉంటే ముందుగా శాశ్వత నివాసులు తిరిగి ప్రవేశించడానికి ఇచ్చే రెసిడెంట్ రిటర్న్ వీసా (సబ్‌క్లాస్ 155) తీసుకోవాలి. అది వచ్చేవరకు ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే మేలు.